బాలల చిగుళ్లవాపు: కణస్వరూప పరిశోధన చరిత్ర

1. ఉపోద్ఘాతం

పాలపళ్ల వయసు పిల్లలకు పళ్లు తోమేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావడం తరచుగా కనిపించేదే. పెద్దల చిగుళ్లవాపే పిల్లల్లో కొద్దిపాటిగా ఉంటుందని అనుకోవడం సహజం. 1970ల నుంచి సాగిన కణస్థాయి పరిశోధన ఈ అభిప్రాయాన్ని ఎలా సవరించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పెద్దల్లో వ్యాధిక్రమ నిర్ణయం

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో బృందం ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించింది. ఆరోగ్యకరమైన చిగుళ్లు గల 12 మంది పళ్లు శుభ్రం చేసుకోవడం మానివేయగా, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లవాపు వచ్చింది. పాచిని తొలగించగానే అది తగ్గింది. దీనితో పాచికీ వ్యాధికీ గల సంబంధం రుజువైంది. 1976లో రాయ్ పేజ్, హ్యూబర్ట్ ష్రోడర్ ఈ వ్యాధిని నాలుగు దశలుగా వర్గీకరించారు. మొదటి దశలో న్యూట్రోఫిల్ కణాలు చిగురులోకి చేరతాయి. రెండో దశలో లింఫోసైట్లు, మూడో దశలో ప్రతిరక్షకాలను స్రవించే ప్లాస్మా కణాలు అధికమవుతాయి. నాలుగో దశలో దంతాన్ని పట్టి ఉంచే ఎముక క్షీణిస్తుంది.

3. పిల్లల చిగురులో కణాలు

1978లో స్వీడన్‌కు చెందిన లార్స్ మాట్సన్ బడి ఈడు రాని పిల్లలను, యువకులను పోల్చి చూశాడు. పళ్లు తోమడం ఆపినప్పుడు పిల్లల్లో వాపు యువకులలో కంటే తక్కువగా వచ్చింది. అంతకు ముందు ఏడాదే లాంగ్‌హర్స్ట్, జాన్సన్, హాప్స్ పిల్లల, పెద్దల చిగుళ్లలోని లింఫోసైట్ల, ప్లాస్మా కణాల సాంద్రతల్లో తేడాను నమోదు చేశారు. పిల్లల చిగురులో లింఫోసైట్లదే ఆధిక్యం.

అయితే ఆ లింఫోసైట్లు ఏ రకానివి? సాధారణ రంజకాలతో చూస్తే టి కణం, బి కణం ఒకేలా కనిపిస్తాయి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ రూపొందించిన మోనోక్లోనల్ ప్రతిరక్షకాల పద్ధతి వీటిని వేరుచేసి గుర్తించే వీలు కల్పించింది. 1980ల ఆరంభంలో గ్రెగరీ సీమోర్ బృందం పిల్లల చిగుళ్లవాపులో టి కణాలే ప్రధానమని చూపింది.

4. ముగింపు

అంటే పిల్లల్లో వ్యాధి సాధారణంగా రెండో దశ వద్దనే నిలకడగా ఉంటుంది. ఎముక దాకా పోవడం అరుదు. దీనికి కారణం పిల్లల రోగనిరోధక వ్యవస్థలో ఉందా, పాచిలోని సూక్ష్మజీవుల్లో ఉందా అన్న చర్చ కొనసాగింది. ఈ చరిత్రకు వైద్యపరమైన ప్రయోజనం ఉంది. పాలపళ్లు సమయానికి ముందే కదిలినా, ఎముక కరిగినా దాన్ని మామూలు చిగుళ్లవాపుగా భావించి వదిలివేయరాదు. న్యూట్రోఫిల్ కణాల కొరత, హైపోఫాస్ఫటేసియా వంటి వ్యాధులు దాని వెనుక ఉన్నాయేమో పరీక్షించాలి.