మినమాటా: గ్లాసు నీళ్ల భరోసా

జపాన్‌లోని క్యూషూ దీవిలో మినమాటా పట్టణం చిస్సో ఫ్యాక్టరీని నమ్ముకుని పెరిగింది. ఊళ్లో ఉద్యోగాలూ, పురపాలక సంఘానికి పన్నులూ చాలామటుకు అక్కడి నుంచే వచ్చేవి. 1932 నుంచి ఆ ఫ్యాక్టరీ ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారుచేసేది. అందులో వాడిన పాదరసం మురుగునీటితో సముద్రంలో కలిసి, ఊరివాళ్లు తినే చేపల్లోకి చేరేది.

1950లలో తీరపల్లెల్లో పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చిపోసాగాయి. మనుషులకూ అంతుపట్టని నరాల జబ్బు వస్తోందని 1956 మే 1న ఫ్యాక్టరీ ఆసుపత్రి నుంచే ఆరోగ్య కేంద్రానికి సమాచారం అందింది. అంటురోగమేమోనని రోగుల ఇళ్లలో మందు చల్లారు. ఇరుగుపొరుగు రాకపోకలు మానుకున్నారు. ఊరి భయం మురుగు కాలువ దాకా పోకుండా జాలరి గడప దగ్గరే ఆగిపోయింది.

1959 జూలైలో కుమామోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసాన్ని వేలెత్తి చూపారు. కంపెనీ ఒప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సముద్రంలో పారేసిన పేలుడు పదార్థాలే కారణమని పరిశ్రమ వర్గాలు వాదించాయి. ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ ఆసుపత్రి పెద్ద డాక్టరు హోసోకావా హజిమే, ఎసిటాల్డిహైడ్ విభాగపు మురుగునీరు కలిపిన మేత ఒక పిల్లికి పెట్టి చూశారు. ప్రయోగాల చిట్టాలో అది 400వ నంబరు పిల్లి. అక్టోబరులో దానికి మూర్ఛలు మొదలయ్యాయి. యాజమాన్యం ఈ సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

ఊరికి చూపించింది వేరు. డిసెంబరు 24న సైక్లేటర్ అనే శుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. శుద్ధి అయిన నీళ్లంటూ కంపెనీ అధ్యక్షుడు అందరి ఎదుటా ఒక గ్లాసు తాగారు. ఆ నీళ్లు ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చినవి కావు. సేంద్రియ పాదరసాన్ని తీసేయడం అసలు ఆ యంత్రం పనే కాదు.

ఆరు రోజులకే రోగులతో ఒప్పందం కుదిరింది. చనిపోయినవారి కుటుంబానికి 3 లక్షల యెన్లు ఓదార్పు సొమ్ము. మురుగునీరే కారణమని తరవాత తేలినా మళ్లీ ఏమీ అడగరాదని షరతు. పైకి కాదంటున్న సంగతిని కంపెనీ కాగితం మీద ముందే లెక్కలో వేసుకుందన్నమాట.

పీడ విరగడైందనుకున్న ఊరు మళ్లీ చేపలు పట్టింది, తిన్నది. ఎసిటాల్డిహైడ్ తయారీ 1968 మేలో గానీ ఆగలేదు. మినమాటా వ్యాధికి ఫ్యాక్టరీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ ఏడు సెప్టెంబరులో. 400వ నంబరు పిల్లి గురించి హోసోకావా 1970లో ఆసుపత్రి మంచం మీద నుంచే సాక్ష్యమిచ్చారు. 1973 మార్చిలో కుమామోటో జిల్లా కోర్టు ఆ ఒప్పందం చెల్లదని తీర్పు చెప్పి, కంపెనీని నష్టపరిహారం కట్టమంది.