స్థానిక మత్తుమందులు - విలంబిత ప్రతిచర్యలు

శస్త్రచికిత్సా చరిత్రలో 1884వ సంవత్సరము మిక్కిలి ముఖ్యమైనది. ఆ యేడు వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కొకైను ద్రావణమును కంటిలో వేసి, రోగి మెలకువతో నుండగనే నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని నిరూపించెను. కాని ఆ మందు విషగుణమును, వ్యసనము కలిగించు స్వభావమును అచిరకాలముననే బయటపడెను. అందుచే రసాయనశాస్త్రజ్ఞులు దానికి మారుమందును వెదకసాగిరి. జర్మనీలో బెంజొకైను, పిదప ప్రొకైను వెలువడెను. ప్రొకైను 1905లో చికిత్సకు వచ్చి, 'నొవొకైను' అను పేర దంతవైద్యులలో మిగుల వ్యాపించెను.

కొంతకాలమునకు, ఈ మందును నిత్యము తాకు దంతవైద్యులలో కొందరికి వ్రేళ్లు ఎఱ్ఱవారి, పగిలి, రసి కారుట కనబడెను. మందు తగిలిన గడియలో ఏ మార్పును లేదు. ఒకటి రెండు దినములు గడచిన పిదపనే దురదయు పొక్కులును తోచును. కారణమునకును కార్యమునకును నడుమ నింత వ్యవధి యుండుటచే మందుపై అనుమానము కలుగుట కష్టము. మత్తుసూది వేయించుకొని సుఖముగా నింటికేగిన రోగికి మూడవనాడు వాపు వచ్చినచో, గాయము చీము పట్టినదని యెంచుటయు సహజమే.

ఈ ఆలస్యమును కనిపెట్టు ఉపాయమును యోసెఫ్ యాదస్సోన్ అను చర్మవైద్యుడు 1895లోనే చూపియుండెను. అనుమానింపబడిన ద్రవ్యమును పట్టీతో చర్మమునకంటించి వేచియుండుటయే ఆ పద్ధతి. నేడు పట్టీని సాధారణముగా 48 గంటలకు తీసి చూచి, 72 లేక 96 గంటలకు మరల పరీక్షింతురు. 1942లో లాండ్‌స్టైనర్, ఛేజ్ అనువారు గినీపందులపై పరిశోధించి, ఇట్టి అసహనము కణముల ద్వారా ఒక జంతువునుండి వేఱొకదానికి సంక్రమించునని చూపిరి. 1963లో గెల్, కూంబ్స్ అనువారు దీనిని నాల్గవ తెగ ప్రతిచర్యగా వర్గీకరించిరి.

ఇక, ఒక మందు పడనివానికి ఏది పడును? దీనికి సమాధానము రసాయన నిర్మాణముననున్నది. బెంజొకైను, ప్రొకైను, టెట్రకైను ఎస్టరు కుటుంబమునకు జెందినవి. వీనిలో నొకటి పడనివానికి తక్కినవియు పడకపోవచ్చును. తలవెండ్రుకల రంగులలోని పారాఫినిలీన్‌డయమీనుతోను వీనికి నిర్మాణసామ్యము కలదు. 1943లో స్టాక్‌హోమునందు లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనువారు తయారుచేసిన లిడొకైను అమైడు కుటుంబములోనిది. అది 1948లో 'జైలొకైను' అను పేర విక్రయమునకు వచ్చెను. ఎస్టరులు పడనివారికి ఇది సాధారణముగా పడుటచే గొప్ప ఊరట కలిగెను.

అయినను అమైడులు నిర్దోషములని నిశ్చింతగా నుండరాదు. లిడొకైను పడనివారిలో కొందరికి మెపివకైనును పడదు. ఆర్టికైను పడినవారు కలరు. ఈ సంబంధము మనిషి మనిషికి మారుచుండును గనుక ప్రత్యామ్నాయమును గూడ వేఱుగా పరీక్షింపవలెను. బెంజొకైనును మాత్రమే పరీక్షించినచో సింకొకైను పడనివారు తప్పిపోవుదురు. పట్టీ పరీక్షలో దోషము కనబడకున్నను, చర్మములోనికి స్వల్పముగా మందెక్కించి, ఇరువది నిమిషములకే తీర్మానింపక, రెండు మూడు దినముల వఱకు చూడవలసియుండును. పిదప వైద్యుని కనుసన్నలలో క్రమముగా మోతాదు పెంచి నిర్ధారింతురు.

పరీక్ష లేక 'మత్తుమందులేవియు పడవు' అని వ్రాసియిచ్చినచో, ఆ రోగి పన్ను తీయించుకొనుటకును జీవితాంతము భయపడవలసినదే. నిజమైన అసహనమును గుర్తింపనిచో, మరల ఆ మందే యెక్కించి బాధింపవలసివచ్చును. ఈ రెండు కీడులను తప్పించునది మూడు దినముల ఓర్పు.