ఎడమకాలి పరీక్ష: హైదరాబాదు ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల ఎంపిక

ఫుట్‌బాల్ సీజన్ ఆరంభానికి ముందు జరిగే స్నేహపూర్వక మ్యాచ్‌కు పాయింట్లు ఉండవు, కప్పూ ఉండదు. గెలిచినా ఓడినా పట్టికలో ఒక్క అంకె మారదు. అయినా జట్టును తమదిగా భావించే అభిమానులు ఆ మ్యాచ్‌కు తప్పకుండా వస్తారు. కారణం, ఆ రోజు మైదానంలో తమకు తెలియని ముఖాలు కొన్ని కనిపిస్తాయి. ఒప్పందం ఇంకా కుదరక, తన ఆట చూపించి జట్టులో చోటు సంపాదించుకోవాలని వచ్చిన ఆటగాణ్ని ఫుట్‌బాల్ పరిభాషలో ట్రయలిస్ట్ అంటారు. అటువంటివారిని పరీక్షించే ఏర్పాటుకు ట్రయల్స్ అని పేరు. స్కాట్లండ్‌లో ట్రయలిస్టు పేరు బయటపెట్టడం ఇష్టంలేని క్లబ్బులు జట్టు జాబితాలో ‘ఎ. ట్రయలిస్ట్’ అని మాత్రమే రాసే అలవాటు ఉంది. ఊరూ పేరూ తెలియని ఆ ఆటగాణ్ని గ్యాలరీలో కూర్చున్నవారు కేవలం అతని కాళ్లను చూసి, కదలికను చూసి తూకం వేయవలసి వస్తుంది.

ఒక్క మ్యాచ్‌లో, తొంభై నిమిషాల్లో ఒక మనిషి ఆటను తేల్చి చెప్పడం సాధ్యమేనా అన్న ప్రశ్న ఫుట్‌బాల్ ఆడే ప్రతి దేశంలోనూ ఉన్నదే. ఆ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దపు మధ్య దశాబ్దాలలో హైదరాబాదు నగరం ఇచ్చిన సమాధానం భారత ఫుట్‌బాల్ చరిత్రలోనే విశిష్టమైనది. ఆ సమాధానం రూపొందించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాడి లోపం దాగడానికి వీలులేని పోటీని ముందు తయారుచేసి, తరువాత అతన్ని అందులో నిలబెట్టి చూడడం ఆయన పద్ధతి.

చూపరులు ఏమి చూస్తారు

ఆటను ఏళ్ల తరబడి చూసిన అభిమానికి, అప్పుడప్పుడు చూసేవారికి మధ్య తేడా ప్రధానంగా చూపు నిలిచే చోటులో ఉంటుంది. కొత్తగా చూసేవారి కళ్లు బంతి వెంటే పరుగెత్తుతాయి; అనుభవజ్ఞులైన ప్రేక్షకుల కళ్లు బంతి ఇంకా చేరని ఆటగాడి మీద ఉంటాయి. ఉదాహరణకు, పక్కవాటుగా ఇరవై గజాల దూరం నుంచి ఒక పాస్ వస్తున్నదనుకుంటే, నిపుణుడైన హాఫ్‌బ్యాక్, అంటే రక్షణకూ దాడికీ నడుమ వారధిగా నిలిచే ఆటగాడు, బంతి తన వద్దకు చేరక ముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు, ఒంటిని సగం తిప్పి నిలబడతాడు, అవతలి కాలితో బంతిని అందుకొని ఆ ఒక్క స్పర్శతోనే ముందుకు తిరుగుతాడు. ఆ పని తెలియనివాడు బంతికి ఎదురుగా నిలిచి, దగ్గరి కాలితో ఆపి, అప్పుడు తల ఎత్తి చూస్తాడు. అంతలో ప్రత్యర్థి మీదికి వచ్చేస్తాడు. ఈ రెండు సెకన్ల వ్యవధిలో తెలిసేది గోల్ కొట్టినప్పుడు కూడా తెలియదు, ఎందుకంటే గోల్‌లో అదృష్టానికి భాగం ఉండవచ్చు కాని భుజం మీదుగా చూసే అలవాటులో ఉండదు.

అయితే ట్రయల్ మ్యాచ్‌కు సహజమైన పరిమితులు కొన్ని ఉన్నాయి. కొత్త ఆటగాడికి తోటివారి అలవాట్లు తెలియవు. అతను పరుగు తీసిన చోటికి పాస్ రాకపోవచ్చు, అతను ఇచ్చిన పాస్‌కు ఎవరూ పరుగెత్తకపోవచ్చు. దానికి తోడు ప్రతి ట్రయలిస్టూ తనను తాను చూపించుకోవాలనే ఆత్రంలో ఉంటాడు గనుక, పాస్ ఇవ్వవలసిన చోట బంతిని కాళ్ల మధ్య దొర్లిస్తూ ప్రత్యర్థులను తప్పించుకుపోయే విద్యకు, అంటే డ్రిబ్లింగ్‌కు దిగుతాడు. చప్పట్లు దానికే పడతాయి. జట్టుకు కావలసినది మాత్రం చాలాసార్లు వేరే ఉంటుంది.

ఉపాధ్యాయుడు తయారుచేసిన పోటీలు

1909లో హైదరాబాదులో జన్మించి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు; 1950లో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. 1963 జూన్ 11న కన్నుమూసేవరకు ఆయన ఈ రెండు బాధ్యతలతో పాటు భారత జట్టు శిక్షణ భారాన్ని కూడా మోశారు.

రహీం యువకుల కోసం నిర్వహించిన ప్రత్యేక పోటీలలో రెండు ముఖ్యంగా చెప్పుకోదగ్గవి. ఒకదానిలో డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధం. బంతి అందిన ఆటగాడు దాన్ని వెంటనే మరొకరికి అందించక తప్పదు. రెండవదానిలో ఆటగాడు తనకు అలవాటులేని కాలితోనే ఆడాలి; కుడికాలివాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలివాటం ఉన్నవాడు కుడికాలితో బంతిని తన్నాలి. ఈ నియమాలు పైకి చిన్నపిల్లల ఆటలా కనిపించినా వాటి వెనుక బడిపంతులు బుద్ధి స్పష్టంగా ఉంది. పరీక్షలో విద్యార్థి తనకు వచ్చిన ప్రశ్నకే సమాధానం రాసి తప్పించుకోకుండా, రాని ప్రశ్నను తప్పనిసరి చేయడం లాంటిదే ఈ ఏర్పాటు.

ఎడమకాలి పోటీలో నిలబడిన ఒక కుడికాలి ఆటగాణ్ని ఊహించుకుంటే దీని ప్రయోజనం అర్థమవుతుంది. బంతి ఎడమవైపు వచ్చినప్పుడు అలవాటు కొద్దీ కుడికాలు ముందుకు లేస్తుంది, నియమం గుర్తుకొచ్చి ఆగుతుంది, ఒళ్లు తడబడుతుంది, ఎడమపాదం బంతిని మడమ దగ్గర తాకి పక్కకు పోనిస్తుంది. సాధారణ మ్యాచ్‌లో అతను ఒక అడుగు అటు జరిగి కుడికాలితోనే పని ముగించేవాడు. చూసేవారెవరికీ లోపం కనిపించేది కాదు. ఇక్కడ అది అందరి కళ్లకూ కనిపిస్తుంది, ముఖ్యంగా అతని కళ్లకే కనిపిస్తుంది. దాచుకోవడానికి చోటు లేనప్పుడు సాధన చేయడమొక్కటే దారి. అలా పరీక్షే శిక్షణ కావడం రహీం పద్ధతిలోని గొప్పతనం.

దీని ఫలితం దేశానికి త్వరలోనే తెలిసింది. హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57లోనూ, 1957–58లోనూ కైవసం చేసుకుంది.

అమ్ముగూడ నుంచి వచ్చిన యువకుడు

ట్రయల్స్ చరిత్రలో మరచిపోరానిది తులసీదాస్ బలరాం ఉదంతం. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో 1936లో పుట్టిన బలరాం చిన్నతనంలో ఉత్త కాళ్లతో ఆడేవారు. బూట్లు కొనే స్తోమత లేక, వాడి పారేసిన పాత పోలీసు బూట్ల తోలుతో ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నారు. ఆయన ఆట రహీం కంటపడింది. సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు రమ్మని కబురు వచ్చింది. కాని అమ్ముగూడ నుంచి హైదరాబాదు మైదానానికి రోజూ వచ్చిపోవడానికి చేతిలో డబ్బు లేదు. ఆ సంగతి తెలిసిన రహీం సైకిలు అద్దెకు సొమ్ము తానే ఇచ్చి రప్పించారు.

ఆ సైకిలు అద్దె చిన్న మొత్తమే అయినా దాని వెనుక ఉన్న ఆలోచన చిన్నది కాదు. ట్రయల్స్‌కు వచ్చినవారిలో ఉత్తముణ్ని ఎంచడం ఎంపికదారు పనిలో సగం మాత్రమే. రాలేకపోయినవాడు ఎవరో, ఎందుకు రాలేకపోయాడో తెలుసుకోవడం మిగిలిన సగం. బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. 1957 నుంచి కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అభిమానుల ఆరాధ్య ఆటగాడయ్యారు. ఆ జీవితమంతా ఒక అద్దె సైకిలు మీద మొదలైంది.

ఓటమి నేర్పిన పాఠం, తలకు కుట్లతో గెలుపు

రహీం చూపు ఎప్పుడూ తప్పలేదనడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. ఆయన శిక్షణలో 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్టు, మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 స్కోరుతో ఓడిపోయింది. చలిదేశపు మైదానంలో పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండా ఆడారు; స్వదేశంలో చూసిన ఆట అక్కడ పనికిరాలేదు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన చేసిన నిర్ణయం ఆటగాణ్ని అంచనా వేయడంలో పరాకాష్ఠ. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు. అతను కళాశాల రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి గుర్తుపెట్టుకొని, దాడికి ముందు నిలిచే సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి మార్చారు. సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన ఫైనల్లోనూ జర్నైల్ గోల్ చేశారు. ఆటగాడు నేడు ఆడే స్థానాన్నే కాక, అతను ఒకప్పుడు ఆడిన స్థానాన్ని కూడా తెలిసి ఉండడం ఎంత విలువైనదో ఆ స్వర్ణ పతకం చెబుతుంది.

ఆ తరువాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటివారు హైదరాబాదులో నేర్చి కలకత్తాలో పేరు తెచ్చుకున్నారు. నయీముద్దీన్ సారథ్యంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం సాధించింది. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసుకున్న మ్యాచ్‌లో ఒక గోల్ హబీబ్‌ది. అదీ పాయింట్లు లేని స్నేహపూర్వక మ్యాచే. నేటికీ మరుపునకు రానిదీ అదే.

రైలు దారిలో జాముల్

మైదానం దాకా చేరడమే పరీక్ష కావడం హైదరాబాదుకే పరిమితం కాదు. బలరాం చివరగా 1963లో చేరిన జట్టు పేరు బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ రైల్వే వేసిన దారే హౌరా నుంచి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, దుర్గ్ మీదుగా నాగపూర్‌కు పోతుంది. దానికే 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం జతపడింది. 1959 ఫిబ్రవరిలో దుర్గ్ పక్కనున్న భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి, ప్రారంభమైన తరువాత ఉత్తరాంధ్ర నుంచి పనివెతుక్కుంటూ ఎన్నో కుటుంబాలు ఈ పట్టాల మీదనే అక్కడికి చేరాయి. ఆ కొలిముల చిట్టెంతో సిమెంటు చేసే కర్మాగారం 1965లో భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో వెలిసింది. ఉక్కు, సిమెంటు, రైల్వే ఊళ్లలో క్రీడ ఉద్యోగానికి కూడా దారి గనుక, ట్రయల్ మ్యాచ్‌ను చూసే కళ్లలో ఆట మీది మమకారంతో పాటు ఒక ఇంటి భవిష్యత్తు కూడా ఉంటుంది.

ప్రభుత్వ ఉక్కు సంస్థ తన అకాడమీలను ఊళ్లకు పంచినప్పుడు హాకీ రౌర్కెలాకు, అథ్లెటిక్స్ భిలాయికి, ఫుట్‌బాల్ బొకారోకు దక్కాయి. 1987లో ఏర్పడిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉన్నది జంషెడ్‌పూర్‌లో. అంటే జాముల్‌లో ఫుట్‌బాల్ మీద మనసు పడిన పిల్లవాడు ఈ రెంటిలో ఏ ఒక్కదాని ట్రయల్స్‌లో నిలబడాలన్నా ఛత్తీస్‌గఢ్ దాటి జార్ఖండ్ వెళ్లాలి. అతని ఎడమకాలు ఎలా ఉందో, బంతి చేరక ముందు భుజం మీదుగా చూస్తాడో లేదో వీధి మైదానంలో ఆడే పిల్లలను రోజూ చూసే పెద్దలకు ముందే తెలిసి ఉంటుంది. వారి చూపు సరైనదైతే, తరువాత అడగవలసిన ప్రశ్న అమ్ముగూడ యువకుడి విషయంలో రహీం అడిగినదే: ఇతను మైదానం దాకా ఎలా వస్తాడు?