నిలబడిన చోటు

1800లో లండన్ జనం టికెట్టు కొనుక్కుని మరీ శ్రీరంగపట్నం ఖిలా కూలడం చూసొచ్చారు. టిప్పు సుల్తాన్ షహీదై అప్పటికి ఏడాదే. రాబర్ట్ కెర్ పోర్టర్ అనే కుర్ర ముసవ్విర్ నూరు అడుగులు దాటిన గుడ్డ మీద ఆ లడాయి గీసి, అర్ధచంద్రాకారంలో నిలబెట్టాడు. చూసేవాళ్లకు తామే మైదానంలో ఉన్నట్టు అనిపించింది. తమాషా ఏమిటంటే, అతను అప్పటికి హిందూస్తాన్ మొహమే చూడలేదు. గెలిచిన ఫౌజ్ వైపు కథనాలే అతనికి ఆధారం.

మనిషి చుట్టూ నజారా పరిచే ఈ ఫన్‌కు 1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత దానికి పనోరమా అన్న పేరు స్థిరపడింది. ఇవాళ మన పిల్లలు మొబైల్లో వేలితో తిప్పి చూసే వర్చువల్ టూర్‌కు ఇదే ముత్తాత.

మన వైపు నుంచి ఈ తారీఖ్ చెప్పాలంటే మజహర్ అలీ ఖాన్ దగ్గర ఆగాలి. ఢిల్లీ ముసవ్విర్ ఆయన. లాల్ ఖిలా లాహోరీ దర్వాజా పైనుంచి నాలుగు దిక్కులూ కనపడేలా షహర్ మొత్తాన్ని గీశాడు. ఐదు కాగితాలు కలిపి దాదాపు 5 మీటర్ల బొమ్మ. తేదీ 1846 నవంబరు 25. ఒకవైపు చాందినీ చౌక్, ఇంకోవైపు జామా మసీదు గుంబజ్‌లు, వెనక్కి తిరిగితే ఖిలా లోపలి ఇమారత్‌లు. బహదూర్ షా జఫర్ ఇంకా ఆ ఖిలాలోనే ఉన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్లకు గదర్. 1857 తర్వాత అంగ్రేజీ సర్కార్ ఖిలా లోపల చాలా భాగం పడగొట్టి ఫౌజీ బారకాసులు కట్టింది. ఖిలా బయట 400 గజాలకు పైగా మైదానం చేసేసింది. ఖురాన్‌ను ఉర్దూలోకి తర్జుమా చేసిన షా అబ్దుల్ ఖాదిర్ సాహబ్ ఉండిన అక్బరాబాదీ మసీదును కూడా షహీద్ చేసింది. మజహర్ అలీ గీసిన షహర్‌లో సగం ఇప్పుడు కాగితం మీదే ఉంది. ఆ కాగితం ఉన్నది లండన్ బ్రిటిష్ లైబ్రరీలో!

1858లో ఫెలీచే బియాటో కెమెరాతో వచ్చాడు. జామా మసీదు మీనార్ ఎక్కి, కెమెరాను కొంచెం కొంచెం తిప్పుతూ గాజు పలకల మీద ఢిల్లీని పట్టి, ప్రింట్లను పక్కపక్కన అతికించాడు. ఫోటోలుగా అవి అద్భుతం, కాదనను. కానీ ఆ రోజుల్లో ఆ మసీదు ఫౌజ్ కబ్జాలో ఉంది. 1862లో గాని ముసల్మానులకు తిరిగి దక్కలేదు. నమాజుకు వెళ్లేవాళ్లకు మూసిన దర్వాజా బియాటోకు తెరుచుకుంది.

ఇప్పటి పనిలో కూడా అసలు సంగతి నిలబడే చోటే. ట్రైపాడ్ మీద కెమెరా తిరిగేటప్పుడు లెన్స్ లోపలి ఒక బిందువు కదలకూడదు. అది అంగుళం జరిగినా దగ్గరి స్తంభం ఒకచోట, దూరపు మిహ్రాబ్ ఒకచోట అయి, అతుకు విరుగుతుంది. చేపకన్ను లెన్స్‌తో చుట్టూ ఆరు, పైకి ఒకటి, కిందికి ఒకటి తీస్తే చాలు. పక్కపక్క ఫోటోల్లో పావు వంతైనా ఒకే దృశ్యం ఉండాలి. ఆ ఉమ్మడి గుర్తులు పట్టుకుని సాఫ్ట్‌వేర్ అన్నిటినీ కుట్టి, గ్లోబును మ్యాపుగా పరిచినట్టు పరుస్తుంది.

మసీదులో దీనికి వేరే ముష్కిల్‌లు ఉన్నాయి. సఫ్‌ల గీతలు, వరస కమాన్‌లు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏది ఏదో తేల్చుకోలేక తికమకపడుతుంది. ఫ్యాన్‌లు ఆపాల్సిందే, లేకపోతే రెక్కలు దయ్యాల్లా వస్తాయి. లోపల చీకటి, సహన్‌లో మండే ఎండ. అందుకే ఒక్కో వైపు మూడు వెలుగుల్లో తీసి కలుపుతారు. జొహర్, అసర్ నమాజుల మధ్య జనం లేనప్పుడు తీయడం మేలు.

ఎడిటింగ్‌లో ట్రైపాడ్ కాళ్లు చెరపడం సరే. గోడ మీది చెమ్మ, వేలాడే వైర్లు, పగిలిన జాలీ కూడా చెరిపి మసీదును పెళ్లికూతుర్ని చేసేవాళ్లున్నారు. నాకది నచ్చదు. అలా చేస్తే కెర్ పోర్టర్ గుడ్డకీ దీనికీ ఫరక్ ఏముంది?

మన ఊళ్లలో జమాత్ పెరిగింది, పాత మసీదులు చాలడం లేదు. కమిటీలు వాటిని షహీద్ చేసి పెద్దవి కట్టుకుంటున్నాయి. జరూరత్ నిజమే. అయితే కొత్తదాని ఇఫ్తితాహ్‌కు వంద ఫోటోలు దిగుతాయి గాని, దాదాజాన్ వుజూ చేసిన హౌజ్‌కు ఒక్కటి కూడా ఉండదు. సున్నం గచ్చు, చెక్క మింబర్ మట్టిలో కలిసిపోతాయి.

పని మొదలయ్యే ముందు ఒక పూట చాలు. అతికించిన బొమ్మతోపాటు విడి ఫోటోలూ దాచాలి. తేదీ రాయాలి. ట్రైపాడ్ ఏ స్తంభానికి ఎన్ని అడుగుల దూరంలో, ఎంత ఎత్తులో పెట్టామో, స్తంభం పోయినా దొరికేలా వీధి గోడ నుంచి ఎంత దూరమో కొలిచి రాయాలి. కొత్త మసీదు లేచాక అదే చోట మళ్లీ తీసి రెండూ జతచేస్తే, మనవడు వేలితో నొక్కగానే టైల్స్ ఉన్న చోట హౌజ్ కనిపిస్తుంది.