ఖిడ్కీ గ్రామం, తెలంగాణీ వజీర్లు: ఒక పరిశీలన

దక్షిణ ఢిల్లీలో ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డుకు ఒక పక్క సాకేత్ మాల్స్, రెండో పక్క ఖిడ్కీ గ్రామం. మాల్ ఎదుట ఆటో దిగి రోడ్డు దాటితే చాలు, సందులు మొదలవుతాయి. మూడు నాలుగు అంతస్తుల అద్దె ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే ఆ సందుల మధ్య, సుమారు మూడు మీటర్ల ఎత్తు పీఠం మీద, మూల బురుజులతో నల్లబడ్డ కట్టడం ఒకటి నిలిచి ఉంటుంది. చూడగానే కోట అనిపిస్తుంది, కాని అది మసీదు. పై వరస గోడల్లో రాతి జాలీ కిటికీలు ఉన్నందువల్ల జనం దాన్ని ఖిడ్కీ మసీదు అన్నారు. ఊరికీ ఆ పేరే స్థిరపడింది. మన ‘కిటికీ’ కూడా ఈ హిందుస్తానీ మాట నుంచి వచ్చిందే.

ఈ మసీదును కట్టించినవాడిగా చరిత్రకారులు చెప్పేది ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ వజీరు ఖాన్-ఇ-జహాన్ జునాన్ షాను. అతని తండ్రి ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తెలంగాణీ ఓరుగల్లు నుంచి వచ్చిన తెలుగువాడు. అందుచేత ఖిడ్కీని తెలుగు చరిత్రలో భాగంగా చదవవచ్చునన్నది ఈ వ్యాసంలో నా ప్రతిపాదన. ఆ సంబంధాన్ని ఎక్కడ వెతకాలి, ఎక్కడ వెతకకూడదు అన్నది మాత్రం జాగ్రత్తగా తేల్చుకోవాలి.

తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయిన ఉలుగ్ ఖాన్ 1323లో ఓరుగల్లును పట్టుకున్నాడు. ఢిల్లీకి తీసుకుపోతుండగా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించినట్టు ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది. దారిలో రాజు చనిపోయిన సంగతిని ఫిరోజ్ కాలపు చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ కూడా ప్రస్తావించాడు. ఆ రాజు దగ్గర పెద్ద హోదాలో ఉన్న ఒకడు సుల్తాను ఎదుట ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడని అతను రాశాడు. మక్బూల్ పూర్వనామాన్ని కొందరు ‘కట్టు’ అని, కొందరు ‘కన్ను’ అని చదివారు. తెలుగు చెవికి రెండూ మనిషి పేర్లుగా వినిపించవు. అయితే ఫారసీ లిపిలో పదం మధ్య వచ్చే ‘న’కారానికి పైన ఒక చుక్క, ‘త’కారానికి రెండు చుక్కలు. పాత రాతప్రతుల్లో ‘క’, ‘గ’లకు తరచుగా ఒకటే రూపు. కాబట్టి ఒక్క చుక్క తేడాతో ‘కట్టు’ కాస్తా ‘గన్ను’ అవుతుంది. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చింది ప్రతాపరుద్రుడి సేనాని నాగయ గన్నయకు. గన్నయే మక్బూల్ అన్న కొందరు పండితుల ఊహకు ఈ లిపి సాక్ష్యం గట్టి ఊతమని నా అభిప్రాయం. అది నిజమైతే, తెలుగు కవి ఒక పురాణాన్ని అంకితమిచ్చిన మనిషి కొడుకు ఢిల్లీలో మసీదులు కట్టించాడన్నమాట. ఒకే ఇంటి రెండు తరాల్లో ఇంత దూరం నడిచిన కథ మన చరిత్రలో నాకు మరొకటి తట్టదు.

మక్బూల్ జీవితంలో నన్ను ఎక్కువగా నిలిపేసే ఘట్టం ఓరుగల్లుదే. సుల్తాను అతన్ని అక్కడి పాలకుడిగా పంపాడు. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు తిరగబడినప్పుడు మక్బూల్ ఢిల్లీకి పారిపోవలసి వచ్చింది. తాను ఒకప్పుడు కొలువు చేసిన కోట నుంచి, తన భాష మాట్లాడే వాళ్ల చేతుల్లో ఓడి వెళ్లిన ఆ మనిషి ఏమనుకున్నాడో ఏ తారీఖూ (ఫారసీ చరిత్ర గ్రంథమూ) రాయలేదు. 1351లో ఫిరోజ్ గద్దెనెక్కాక మక్బూల్ వజీరయ్యాడు. అతనికి చదవడం, రాయడం రాదని అఫీఫ్ చెబుతాడు. అయినా సుల్తాను దండయాత్రలకు వెళ్లినప్పుడు రాజధాని మొత్తం అతని చేతిలోనే ఉండేది. థట్టా దండయాత్రలో సైన్యం రణ్ ఎడారిలో చిక్కుకుని నెలల తరబడి జాడ తెలియనప్పుడు, సుల్తాను క్షేమంగా ఉన్నట్టు కబురు వచ్చిందని చాటించి నగరాన్ని నిబ్బరంగా నిలబెట్టింది ఈ వజీరే.

తండ్రి తరువాత జునాన్ వజీరయ్యాడు. ఖిడ్కీ మసీదులో నిర్మాణ సంవత్సరం చెప్పే శాసనం లేదు. 1351–54 మధ్య కట్టారన్న మాట ప్రచారంలో ఉంది గాని, నేను దాన్ని ఒప్పుకోలేను. అప్పటికి వజీరు తండ్రే. జునాన్ పేరుతో కాలం తెలిసిన శాసనాలు రెండు: నిజాముద్దీన్ బస్తీ మసీదులోది 1370–71 నాటిది, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదులోది 1387 నాటిది. నిజాముద్దీన్ మసీదులోనూ ఖిడ్కీలోలాగే నడవాలు అడ్డంగా నిలువుగా సాగి ఆవరణను నాలుగు ముంగిళ్లుగా విడదీస్తాయి. కనుక ఖిడ్కీని ఈ రెండు సంవత్సరాల మధ్య పెట్టడమే సబబు.

చతురస్రమైన ఈ కట్టడం పైకప్పును 25 గళ్లుగా విభజించారు. తొమ్మిది గళ్ల మీద తొమ్మిదేసి చిన్న గుమ్మటాలు, అంటే మొత్తం 81. పన్నెండు గళ్లు చదును కప్పు. మిగిలిన నాలుగూ ఆకాశానికి తెరిచిన ముంగిళ్లు. లోపల స్తంభాల వరసల మధ్య నడుస్తుంటే, వెలుగు పడే ముంగిలి దాకా చీకట్లోనే వెళ్లాలి. ఓరుగల్లు, పాలంపేట చూసిన తెలుగువాడికి వెంటనే కాకతీయ మండపం గుర్తుకు రావడం సహజం. ఆ మోహాన్ని అణచుకోవాలి. వాలు గోడలు, గచ్చు పూసిన రాళ్లకట్టు, శిల్పం లేని స్తంభాలు అన్నీ తుగ్లక్ పద్ధతే. కట్టించినవాడి పుట్టుక కట్టడం చేతిపనిలో కనబడి తీరాలన్న నియమం లేదు. జునాన్ పుట్టింది ముల్తాన్‌లో. ఓరుగల్లు అతనికి తండ్రి నోట విన్న ఊరే అయి ఉంటుంది.

ఊరికి తూర్పున ఉన్న సత్‌పులా ఇంకా పాతది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ తన జహాపనా నగర గోడలో భాగంగా వాగు మీద ఏడు పెద్ద కమానులతో కట్టించిన ఆనకట్ట ఇది. తలుపులు ఎత్తి దించడానికి తొలిచిన గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి; మన చెరువు తూములు ఎరిగినవాళ్లకు ఆ పని ఇట్టే అర్థమవుతుంది. సూఫీ గురువు చిరాగ్ దెహ్లవీ ఇక్కడ వజూ (నమాజుకు ముందు శుద్ధి) చేశాడని, అందువల్ల ఈ నీటికి రోగాలు నయమవుతాయని జనం నమ్మేవారు. ఊళ్లోనే యూసుఫ్ కత్తాల్ దర్గా ఉంది. అది 1527 నాటిది, అంటే పానిపట్టు యుద్ధం జరిగిన మరుసటి ఏడాది. మసీదులో మరమ్మతులు చేస్తుండగా 2018లో పురావస్తు శాఖకు 254 రాగి నాణేలు దొరికాయి. షేర్ షా, అతని వారసుల కాలపువని అప్పట్లో గుర్తించారు. వజీర్లు పోయాక కూడా ఆ గోడల మధ్య మనుషుల రాకపోకలు ఆగలేదన్నమాట.

ఆ రాకపోకలు ఇప్పుడూ ఆగలేదు. 1908 నాటి లాల్ డోరా ఏర్పాటు గ్రామ కంఠాన్ని పొలాల నుంచి వేరుచేసి గీత గీసింది. తరువాత పొలాలు కాలనీలయ్యాయి, గీత లోపలి ఊరు మాత్రం మిగిలింది. పక్కనే పెరిగిన ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో బిహారు, నేపాలు, అఫ్గానిస్తాన్, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు అద్దెకుంటారు. ఖోజ్ కళాకారుల సంస్థ 2002 నుంచి అక్కడే పనిచేస్తోంది.

మళ్లీ వజీర్ల దగ్గరికి వస్తే, జునాన్ కథ విషాదంగా ముగిసింది. యువరాజు ముహమ్మద్‌తో విరోధం తెచ్చుకుని, మేవాత్‌కు పారిపోయి, పట్టుబడి, 1387లో హతుడయ్యాడు. తండ్రి సమాధి నిజాముద్దీన్‌లో ఉంది. ఎనిమిది పలకల గది, చుట్టూ వరండా ఉన్న ఈ పద్ధతికి ఢిల్లీలో అదే తొలి ఉదాహరణ. తరువాతి సయ్యద్, లోదీ సుల్తానుల సమాధులకు, ససారాంలోని షేర్ షా సమాధికి మూలరూపం అదే. ఎంతో కాలం దాని లోపల కుటుంబాలు కాపురముండడం వల్ల పండితులకూ అది సరిగా కనబడలేదు.

గన్నయే మక్బూల్ అవునో కాదో తేలాలంటే, అఫీఫ్ తారీఖు రాతప్రతులన్నింటిలో మక్బూల్ పూర్వనామం వచ్చే చోట్లను పక్కపక్కన పెట్టి, చుక్కలు లెక్కపెట్టి చూడవలసిన పని ఉంది. మారన కృత్యవతారికనూ ఆ ఫారసీ అక్షరాలనూ ఒకే బల్ల మీద పెట్టుకుని చదవగలవాళ్లు దాన్ని చేయాలి.