విడిచిన సొరంగము, నడుచుచున్న సొరంగము

తెలుగునాట రైలు సొరంగమును బొగద అందురు. ఆ మాటయే స్టేషను పేరుగా నిలిచిన చోటు నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమల అడవిలో కలదు. 1880వ దశకమున సదరన్ మరాఠా రైల్వే వారు అచ్చటి కొండను తొలచి మీటరుగేజి మార్గము వేసిరి. 1990వ దశకమున దానిని బ్రాడుగేజికి మార్చునపుడు ఈ కొండభాగమున దారిని మళ్ళించిరి. పట్టాల నడిమి ఎడము 1000 మిల్లీమీటర్ల నుండి 1676కు పెరుగుటయే గాక పెట్టెల ఎత్తు, వెడల్పు కూడ పెరుగును. పాత సొరంగమున అవి ఇముడవు. అట్లు ఆ సొరంగమును, ఆ మార్గముననే లోయపై కట్టిన దొరబావి వంతెనయు విడువబడినవి.

ఇది పులులు తిరుగు అడవి. అటవీశాఖ అనుమతి లేక పోరాదు. నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్ల వద్ద విచారించవలెను. విడిచిన సొరంగములలో గబ్బిలములు, పాములు, ఒక్కొక్కచోట ఎలుగుబంట్లు కూడ చేరును. పైకప్పు రాయి ఎప్పుడు జారునో చెప్పలేము. ఒంటరిగా పోరాదు, ఒక్క టార్చిలైటును నమ్మరాదు.

ఫోటోలు తీయువారు ఫ్లాషు వాడిన గబ్బిలములు బెదరును, బొమ్మలో ధూళి తప్ప మరేమియు పడదు. కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, షట్టరును పలు సెకనులు తెరచి ఉంచిన గోడ రాళ్ళు వాటంతట అవే వెలుగునకు వచ్చును. ఎండ నేరుగా పడని ఉదయవేళ లోపలినుండి ద్వారమువైపు తీసినది మేలు. గోడలలో అక్కడక్కడ మనిషి పట్టు గూళ్ళుండును. రైలు వచ్చునపుడు గ్యాంగుమన్‌లు ఒదిగి నిలుచుటకు కట్టినవవి; తప్పక తీయదగినవి.

రాజపాళయము, తళవాయిపురము వారికి దగ్గరి సొరంగము చెంగోట దాటిన పిమ్మట భగవతీపురము, ఆర్యంకావుల నడుమ కలదు. 1904లో తెరచిన ఆ కొల్లం మార్గము గేజి మార్పిడికై 2010లో మూతపడినది. ఆ ఏండ్లలో అలవాటైన నిశ్శబ్దమును నమ్మి నేడు ఎవరును లోనికి అడుగిడరాదు. 2018 నుండి అందు బ్రాడుగేజి రైళ్ళు నడుచుచున్నవి. మలుపులో వచ్చు రైలు చప్పుడు లోనివారికి ఆలస్యముగా అందును. తప్పుకొనుటకు చోటు బహు కొంచెము. రైల్వే చట్టము ప్రకారము అది నేరము కూడ. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పవలెను.

బొమ్మయే కావలెనన్నచో కళుదురుత్తి వద్ద పదమూడు కమానుల రాతి వంతెన కలదు. రాజపాళయము మీదుగా పోవు కొల్లం జాతీయ రహదారి పక్కనుండియే అది చక్కగా కనబడును.