తెరపై ‘నో సిమ్’.. లోపం ఫోన్‌దా, కార్డుదా?

రాత్రి వరకు చక్కగా పనిచేసిన సెల్‌ఫోన్ తెల్లవారేసరికి ‘నో సిమ్ కార్డ్’ అని చూపుతుంది. కార్డు అందులోనే ఉంటుంది. ఫోన్ మాత్రం దానిని గుర్తించదు. ఒకప్పుడు దీనివల్ల మాట్లాడుకోవడానికే ఇబ్బంది కలిగేది. ఇప్పుడు బ్యాంకు లావాదేవీ మొదలుకొని ఆధార్ ధ్రువీకరణ వరకు ప్రతి పనికీ ఓటీపీ ఆ నంబరుకే రావాలి. దాంతో కంగారుపడి మరమ్మతు దుకాణానికి పరుగెత్తేవారు, ఉన్న నంబరునే వదులుకుని కొత్తది తీసుకునేవారు కనిపిస్తున్నారు. అంత తొందర అవసరం లేదు. అయితే తొందరపడి తీరవలసిన సందర్భం ఒకటి ఉంది. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

తెర ఏమంటోంది?

ముందుగా తెరపై వచ్చిన సందేశాన్ని శ్రద్ధగా చదవాలి. ‘నో సిమ్’, ‘ఇన్‌సర్ట్ సిమ్’ అని వస్తే ఫోన్‌కూ కార్డుకూ మధ్య సంబంధమే ఏర్పడలేదని అర్థం. టవరుతో గానీ, రీఛార్జితో గానీ దీనికి నిమిత్తం లేదు. ‘నో సర్వీస్’ అని వచ్చి, సెట్టింగ్స్‌లో మాత్రం సిమ్ వివరాలు కనిపిస్తుంటే కార్డును ఫోన్ చదవగలిగిందని, నెట్‌వర్కే అందడం లేదని గ్రహించాలి. ‘సిమ్ నాట్ ప్రొవిజన్డ్’ అనే సందేశం సాధారణంగా కొత్త కార్డు ఇంకా క్రియాశీలం కానప్పుడు వస్తుంది. పీయూకే సంఖ్య అడుగుతున్నదంటే ఎవరో మూడుసార్లు తప్పు పిన్ నొక్కారన్నమాట. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. 8 అంకెల పీయూకేను టెలికాం సంస్థ నుంచి తెలుసుకుని నొక్కాలి. ఊహించి నొక్కుతూ పోతే పదో తప్పుతో కార్డు శాశ్వతంగా మూసుకుపోతుంది.

అసలు జరిగేదేమిటి?

సిమ్ అంటే నంబరు రాసిపెట్టిన ముక్క కాదు. అందులో చిన్నపాటి కంప్యూటరే ఉంటుంది. ఫోన్ ఆన్ చేయగానే బంగారు వర్ణపు రేకుల ద్వారా దానికి విద్యుత్తు అందుతుంది. వెంటనే కార్డు బదులు పలకాలి. ఆ తర్వాతే ఫోన్ దానిలోని గుర్తింపు సంఖ్యలను చదివి నెట్‌వర్కుకు పంపుతుంది. ఒక రేకు విద్యుత్తుకు, ఒకటి సమాచారానికి, మరొకటి గడియార సంకేతానికి.. ఇలా దేని పని దానిదే. వీటిలో ఒక్కటి అందకపోయినా కార్డు మూగబోతుంది. కంటికి ఆనని ధూళి రేణువు వేలకు వేల ఫోన్‌ను నిరుపయోగం చేయడానికి కారణమిదే.

రెండు మార్పిడులతో నిర్ధారణ

లోపం ఎక్కడుందో తేల్చడానికి పరికరాలేవీ అక్కరలేదు. మన కార్డును ఇంట్లోని మరో ఫోన్‌లో, ఆ ఫోన్ కార్డును మన ఫోన్‌లో అమర్చి చూడాలి. మన కార్డు రెండుచోట్లా పనిచేయకపోతే లోపం కార్డుదే. ఏ కార్డు పెట్టినా మన ఫోన్ గుర్తించకపోతే లోపం ఫోన్‌దే. రెండు సిమ్‌ల ఫోన్ అయితే కార్డును రెండో గడిలోకి మార్చి చూడటం మరీ తేలిక. దుకాణంలోనూ ముందుగా చేసేది ఇదే, కాకపోతే రుసుము తీసుకుని చేస్తారు. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపు బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరవకపోవడం మేలు. సిమ్ మారిందని గమనించి అవి మళ్లీ నమోదు చేసుకోమని అడగవచ్చు.

కార్డు తీసేముందు ఫోన్‌ను పూర్తిగా ఆపివేయాలి. ట్రే రంధ్రంలో పిన్ను గుచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. పక్కనే మైకు రంధ్రం కూడా అలాగే ఉంటుంది. అందులో గుచ్చితే సిమ్ సంగతి దేవుడెరుగు, మన మాట అవతలివారికి వినపడకుండా పోతుంది. రేకులను పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. మరక పోకపోతే పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, రాలిన పొడిని పూర్తిగా దులపాలి. పెట్రోలు, థిన్నరు, సెంటు వంటివి వాడరాదు. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతాల్లోను, రొయ్యల చెరువుల వద్ద పనిచేసేవారి ఫోన్లలోను రేకులకు చిలుము పట్టే అవకాశం ఎక్కువ. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. దానివల్ల సూక్ష్మకణాలు లోపలికి చేరి హాని జరగవచ్చని యాపిల్ సంస్థ 2024లో స్పష్టంగా హెచ్చరించింది. ట్రే తీసి, గాలి తగిలేచోట ఆరబెట్టడమే సరైన పద్ధతి.

కత్తిరించిన కార్డులది మరో కథ. మునుపటి మినీ సిమ్ 25 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. ఇప్పటి నానో సిమ్ 12.3, 8.8 మిల్లీమీటర్లే. మందం కూడా 0.76 నుంచి 0.67 మిల్లీమీటర్లకు తగ్గింది. పాత కార్డును కత్తెరతో నానో కొలతకు తెచ్చినా మందం తగ్గదు. అది ట్రేలో బిగుసుకుని లోపలి సన్నని పిన్నులను వంచుతుంది. కార్డు ఖరీదు స్వల్పమే, పిన్నుల మరమ్మతు మాత్రం అలా కాదు.

కార్డు శుభ్రంగా ఉండీ గుర్తించకపోతే సెట్టింగ్స్‌లో ఆ సిమ్ ఆఫ్ అయి ఉందేమో చూడాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌ను ఒకసారి వేసి తీయాలి, ఫోన్‌ను ఆపి తిరిగి ఆన్ చేయాలి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌ను రీసెట్ చేస్తే ఫొటోలు, నంబర్లు పోవు గానీ వైఫై పాస్‌వర్డులు చెరిగిపోతాయి. చివరిగా *#06# నొక్కి ఐఎంఈఐ చూడాలి. 15 అంకెల సంఖ్య రాకుండా ఖాళీగానో, సున్నాలుగానో కనిపిస్తే అది ఇంటి వైద్యానికి లొంగే జబ్బు కాదు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లవలసిందే.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఫోన్లకు ఈ చిట్కాలు పనిచేయకపోవచ్చు. అక్కడి టెలికాం సంస్థ వద్ద వాయిదాలపై కొన్న ఫోన్ ఆ సంస్థకే కట్టుబడి ఉంటుంది. మన సిమ్ పెట్టగానే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అంటుంది. బాకీ తీర్చి ఆ సంస్థ చేతనే అన్‌లాక్ చేయించాలి. ఇక 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలు అమెరికాలో విక్రయించే ఐఫోన్లకు సిమ్ ట్రేయే ఉండదు, ఈ-సిమ్ ఒక్కటే గతి.

హఠాత్తుగా సిగ్నల్ పోతే..

తొందరపడవలసిన సందర్భం ఇదే. కార్డును ఫోన్ గుర్తిస్తూనే ఉంటుంది. సిగ్నల్ మాత్రం అకస్మాత్తుగా పోతుంది. అదే సంస్థ సిమ్ ఉన్న పక్కవారి ఫోన్ మామూలుగానే పనిచేస్తుంటుంది. అలాంటప్పుడు కార్డును తుడుస్తూ కూర్చోరాదు. మోసగాళ్లు మన నంబరుపై నకిలీ సిమ్ పొందినా, మాటల్లో పెట్టి మన చేతనే ఓటీపీ చెప్పించుకుని దానిని ఈ-సిమ్‌గా మార్చుకున్నా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. కొత్త సిమ్ క్రియాశీలమైన క్షణంలోనే మన చేతిలోనిది నిర్జీవమవుతుంది. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు రాకుండా నిలిపివేసే నిబంధన ఉన్నది ఇందుకే. అయితే కొన్ని సేవల్లో ఓటీపీని ఫోన్‌కాల్‌గా రప్పించుకునే వీలుంది. కనుక ఆ గడువును నమ్ముకోరాదు. వెంటనే వేరే ఫోన్ నుంచి టెలికాం సంస్థకు తెలిపి నంబరును నిలిపివేయించాలి. బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించాలి. సొమ్ము పోయిందని తెలిస్తే 1930కు ఫిర్యాదు చేయాలి.

పాత నంబరే కావాలంటే

కార్డే చెడిందని తేలితే అదే నంబరుతో మరో సిమ్ ఇస్తారు. నంబరు మార్చుకోనక్కరలేదు. ఎవరి పేరున నమోదైందో వారే స్వయంగా గుర్తింపుతో వెళ్లాలి. చాలామందికి చిక్కు వచ్చేది ఇక్కడే. ఏనాడో దుకాణదారు పేరునో, కాలం చేసిన తండ్రి పేరునో తీసుకున్న నంబరును ఏళ్ల తరబడి వాడుతుంటారు. బ్యాంకు ఖాతా కూడా దానికే ముడిపడి ఉంటుంది. కార్డు పనిచేస్తున్నన్నాళ్లు ఈ లోపం బయటపడదు. మరణించినవారి పేరున ఉంటే మరణ ధ్రువపత్రం చూపి కుటుంబసభ్యుల పేరుకు మార్పించుకోవచ్చు. తమ పేరున ఏయే నంబర్లున్నాయో కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఎవరికి వారు చూసుకోవచ్చు. అక్కడా ఓటీపీ అడుగుతుంది గనుక సిమ్ పనిచేస్తుండగానే ఆ పని చేసుకోవాలి. కొత్త కార్డు తీసుకున్న తర్వాత 7 రోజుల వరకు వేరే సంస్థకు పోర్ట్ కావడం కుదరదు. 2024 జులై 1 నుంచి ఈ నిబంధన అమలులోకి వచ్చింది.